పళ్లెంలో గెలిచిన మందు ఒంట్లో ఎంత ఉంటుంది? మొక్కల రసాయనాల పరిశోధకులకు ఒక షుగర్ పేషెంట్ బహిరంగ లేఖ

డయాబెటిస్‌లో రక్తనాళాల ఇన్‌ఫ్లమేషన్ మీద, దాన్ని తగ్గించే మొక్కల రసాయనాల మీద పరిశోధన చేస్తున్న శాస్త్రవేత్తలకు,

నమస్కారం. నాకు షుగర్ వచ్చి 14 ఏళ్లయింది. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మీ పేపర్లు చదవడం నాకు అలవాటు, నిజం చెప్పాలంటే వ్యసనం. షుగర్ ఉన్న మనిషి నిద్ర పట్టని రాత్రి ఫోన్‌లో ఏం వెతుకుతాడో మీకు తెలియంది కాదు. అందరూ వార్త దగ్గర ఆగుతారు, నేను దాని అడుగునున్న అసలు పేపర్ దాకా వెళతాను. అంతే తేడా. అయినా మోసపోయాను, అది వేరే సంగతి. ఆ వేరే సంగతితోనే మొదలుపెడతాను.

రెండేళ్ల కిందట ఒక వార్త చదివి కర్‌క్యుమిన్ క్యాప్సూల్స్ మొదలుపెట్టాను. పసుపులోని ఈ పదార్థం డయాబెటిస్‌లో రక్తనాళాల ఇన్‌ఫ్లమేషన్‌ను అణిచేస్తుందని అందులో ఉంది. పేపర్ కూడా తెరిచి చూశాను. గ్రాఫులు బాగున్నాయి. డబ్బా మీద మిరియాల సారం కూడా కలిపామని, దానివల్ల ఒంటికి బాగా పడుతుందని రాసి ఉంది. నాలుగు నెలలు ఒక్క రోజూ మానకుండా వేసుకున్నాను. ఐదో నెలలో మామూలుగా చేయించుకునే రక్తపరీక్షలో లివర్ ఎంజైమ్ ఏఎల్‌టీ 214 వచ్చింది. అంతకుముందు ఎప్పుడూ 40 దాటలేదు. డాక్టర్‌గారు రిపోర్టు చూస్తూ, "కొత్తగా మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగారు. "లేదండీ" అన్నాను. అబద్ధం ఆడాలని కాదు. అది మందు అని నాకే తోచలేదు. లిఫ్ట్ దగ్గరికి వచ్చాక గుర్తొచ్చి, వెనక్కి వెళ్లి చెప్పాను. ఆపేయమన్నారు. ఏడు వారాల్లో అంకె మామూలుకు దిగింది.

ఇలాంటివి అరుదని నాకు తెలుసు. మందుల వల్ల లివర్ దెబ్బతిన్న కేసులను నమోదు చేసే అమెరికా నెట్‌వర్క్ ఒకటి 2022లో పసుపు ఉత్పత్తులతో ముడిపడిన పది కేసులను వివరించింది. అందులో ఏడుగురికి హెచ్‌ఎల్‌ఏ-బీ*35:01 అనే ఒకే జన్యురకం ఉంది, ఒకరు చనిపోయారు. కోట్లమంది పసుపు తింటారు, వాళ్లకేమీ కాదు. కాబట్టి ఈ ఉత్తరం పసుపు మీద ఫిర్యాదుగా తీసుకోకండి. ఆ కంపెనీ మీద కోపం కూడా చల్లారిపోయింది. అమ్మేవాడు అమ్ముతాడు. నన్ను ఆ డబ్బా దాకా నడిపించింది మీ పేపర్. అందుకే మీకు రాస్తున్నాను.

అసలు ఈ విషయం ఎవరికైనా చెప్పబోతే మొదట మాటే అడ్డం పడుతుంది. ఇన్‌ఫ్లమేషన్‌ను వాపు అంటాం. రక్తనాళాల్లో వాపు అనగానే ఎదుటివాళ్లు నా పాదాలకేసి చూస్తారు. పుస్తకాల్లో శోథ అని ఉంటుంది, ఆ మాట నేను ఏ డాక్టర్ నోటా వినలేదు. నాళాల్లో జరిగేదానికి నొప్పి ఉండదు, మంట ఉండదు, పైకి ఏమీ కనిపించదు. నాళం లోపలి గోడ మీద ఒకే ఒక్క వరుస కణాల పొర ఉంటుంది, ఎండోథీలియం. ఆరోగ్యంగా ఉన్నంతకాలం అది నాన్‌స్టిక్ పెనం లాంటిది. తెల్ల రక్తకణాలు దాని మీదుగా జారుకుంటూ వెళ్లిపోతాయి. రక్తంలో గ్లూకోజ్ ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే ఆ పెనం కోటింగ్ పోతుంది.

ఎందుకు పోతుందో చెప్పడానికి ప్రయత్నించినవాళ్లలో డయాబెటిస్ పరిశోధకుడు మైఖేల్ బ్రౌన్లీ వివరణ నాకు బాగా అర్థమైంది. ఒంట్లో చాలా కణాలు బయట గ్లూకోజ్ ఎక్కువైతే తలుపు కాస్త మూసుకుంటాయి. ఎండోథీలియం కణాలకు ఆ తలుపు మూయడం చేతకాదు. బయట ఎంత ఉంటే లోపలికి అంత వస్తుంది. దాన్ని కాల్చే పనిలో కణంలోని మైటోకాండ్రియా సూపరాక్సైడ్ అనే దూకుడు పదార్థాన్ని ఎక్కువగా వదులుతుంది. అది నాళాన్ని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్‌ను మింగేస్తుంది. మరోపక్క చక్కెర ప్రోటీన్లకు అతుక్కుని ఏజీఈలు అనే పదార్థాలు తయారవుతాయి. మేం మూడు నెలలకోసారి గుండె చేతబట్టుకుని చూసుకునే హెచ్‌బీఏ1సీ కూడా అలా చక్కెర అతుక్కున్న ప్రోటీనే. ఆ ఏజీఈలు తమ గ్రాహకాన్ని తట్టగానే కణంలో ఎన్‌ఎఫ్-కప్పా-బీ అనే స్విచ్ పడుతుంది. స్విచ్ పడితే కణం పైకి వీక్యామ్-1, ఐక్యామ్-1 లాంటి కొక్కేలు మొలుస్తాయి. జారిపోవాల్సిన తెల్ల కణాలు వాటికి చిక్కుకుని, గోడలోకి దూరి, కొవ్వు మింగి అక్కడే ఉండిపోతాయి. గుండెపోటుకు అక్కడ పునాది పడుతుంది. ఇదంతా జరుగుతున్నన్నాళ్లూ మనిషికి ఏమీ తెలియదు.

ఇది మీకు నేను చెప్పే పాఠం కాదు. ఆ కథ నాకు తెలుసని, మీ పని విలువ కూడా తెలుసని చెప్పడానికి రాశాను. ఇన్‌ఫ్లమేషన్ నిజంగా లెక్కలోకి వస్తుందా అన్న అనుమానం కూడా 2017లోనే తీరింది. క్యాంటోస్ ట్రయల్‌లో ఇంతకుముందు గుండెపోటు వచ్చిన 10,061 మందిని తీసుకుని, కొలెస్ట్రాల్ జోలికి పోకుండా ఇన్‌ఫ్లమేషన్‌ను మాత్రమే తగ్గించే ఇంజెక్షన్‌ను డమ్మీ ఇంజెక్షన్‌తో పోల్చి చూశారు. 150 మిల్లీగ్రాముల మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు కొంచెం పెరిగాయి కూడా. మంటను ఆర్పే నీళ్లు ఇల్లు కూడా తడుపుతాయి మరి.

అందుకే మొక్కల్లో సున్నితమైన దారి ఏదైనా దొరుకుతుందేమోనని మీరు వెతకడం న్యాయమే. నా గొడవ మీ గాజు పళ్లెంతో.

మీ పేపర్లలో సగానికి సగం ఒకే తీరున ఉంటాయి. బొడ్డుతాడు సిర నుంచి తీసిన ఎండోథీలియం కణాలను పళ్లెంలో పెంచుతారు. 1973 నుంచి చేతికి సులువుగా అందుతున్న కణాలవి, ఎవరినీ తప్పుపట్టలేం. అందులో గ్లూకోజ్‌ను 25 నుంచి 30 మిల్లీమోలార్ దాకా పెంచుతారు. మా భాషలో చెప్పాలంటే షుగర్ 450 నుంచి 540. నాకు ఈ 14 ఏళ్లలో ఆ అంకె ఒక్కసారి కూడా రాలేదు. వస్తే ఆస్పత్రిలో పడుకోబెడతారు. అంత గ్లూకోజ్‌లో కణాలను ఒకటి రెండు రోజులు ఉంచి, లేదంటే ఇన్‌ఫ్లమేషన్‌ను రాజేసే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా చుక్క వేసి రెచ్చగొట్టి, ఆపైన మొక్క రసాయనం పోస్తారు. కొక్కేలు తగ్గుతాయి. గ్రాఫులో కడ్డీ పొట్టిదవుతుంది, దాని మీద తేడా గట్టిదని చెప్పే మూడు నక్షత్రాలు వెలుస్తాయి. మరుసటి వారం నా ఫోన్‌లో వార్త.

రెస్వెరట్రాల్ సంగతే తీసుకుందాం. ద్రాక్ష తొక్కలో ఉండేది, ఎరుపు వైన్ తాగేవాళ్ల గుండెకు మంచిదంటూ 1990లలో పేరు తెచ్చుకున్నది. పళ్లెం ప్రయోగాల్లో దీన్ని సాధారణంగా 10 నుంచి 50 మైక్రోమోలార్ దాకా వాడతారు. మనిషి మింగితే ఏమవుతుందో 2004లో కొలిచారు. 25 మిల్లీగ్రాములు ఇస్తే 70 శాతానికి పైగానే లోపలికి వెళ్లింది. కానీ మార్పు చెందకుండా రక్తంలో కనిపించింది మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల లోపే. మిగతాదాన్ని పేగు, లివర్ కలిసి సల్ఫేటు, గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించి వేరే పదార్థాలుగా మార్చేశాయి. రెస్వెరట్రాల్ అణుభారం 228. మిల్లీలీటరుకు 5 నానోగ్రాములంటే 0.022 మైక్రోమోలార్. మీ పళ్లెంలో పోసిన 10 దానికి 450 రెట్లకు పైనే, 50 అయితే 2,200 రెట్లకు పైనే. మా ఇంటర్ పిల్లలకు ఇచ్చే మోల్ లెక్క ఇది. రెండు నిమిషాల పని.

ఇలాంటి లెక్క ఒక్కటి ఆ కర్‌క్యుమిన్ పేపర్లో ఎక్కడో ఓ మూల ఉన్నా నేను ఆ డబ్బా కొనేవాణ్ని కాదు.

"మోతాదు పెంచితే సరి కదా" అనుకోవచ్చు. పెంచారు. రోజుకు గ్రాముల లెక్కన ఇచ్చారు. 2008లో ఒక పెద్ద మందుల కంపెనీ రెస్వెరట్రాల్ దారిలో నడుస్తున్న చిన్న కంపెనీని 72 కోట్ల డాలర్లకు కొని, మెరుగుపరిచిన రెస్వెరట్రాల్ మీద క్యాన్సర్ రోగులతో ట్రయల్ నడిపింది. కొందరికి కిడ్నీలు దెబ్బతినడంతో 2010లో ఆపేసింది. షుగర్ పేషెంట్లకు కిడ్నీ అంటే ఎంత భయమో వేరే చెప్పనక్కర్లేదు. ఇదే పదార్థం మీద పనిచేసిన ఒక పరిశోధకుడి ఫలితాల్లో 145 చోట్ల కల్పన, తారుమారు జరిగిందని 2012లో కనెక్టికట్ యూనివర్సిటీ విచారణ తేల్చింది. దొంగ లెక్కలు ఎక్కడైనా ఉంటాయి, వాటిని పట్టుకుని అందరినీ అనను. నన్ను ఎక్కువ బాధపెట్టేది నిజాయితీగా చేసిన ప్రయోగాలే. వాటిలో ప్రతి అంకె నిజం, వాటి నుంచి తీసిన ఆశ మాత్రం కాదు.

కర్‌క్యుమిన్‌ది ఇంకో తమాషా. అది పసుపుపచ్చగా ఉంటుంది, కాంతి పడితే మెరుస్తుంది. ల్యాబ్‌లో చాలా పరీక్షలు రంగుతో, మెరుపుతో కొలిచేవే. అంటే కొలతబద్దకే రంగు పూస్తుందన్నమాట. పైగా ప్రోటీన్లు ఏవి దొరికితే వాటికి అతుక్కుంటుంది, ద్రవంలో నిలవక విరిగిపోతుంది. 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు కొందరు దీని మీద వచ్చిన సాహిత్యమంతా తిరగేసి, పరీక్షలను తప్పుదోవ పట్టించే గుణాలు దీనికి దండిగా ఉన్నాయని, గట్టి క్లినికల్ ట్రయల్ ఒక్కటి కూడా విజయం సాధించలేదని రాశారు. ఆ పేపర్ నేను లివర్ రిపోర్టు వచ్చాక చదివాను. చదవాల్సిన వరుస తప్పింది.

ఇక మిరియాల సారం. 1998లో వచ్చిన ప్రసిద్ధమైన ప్రయోగంలో రెండు గ్రాముల కర్‌క్యుమిన్‌తో పాటు మిరియాల్లో ఉండే పైపెరీన్ 20 మిల్లీగ్రాములు ఇస్తే మనుషుల్లో శోషణ 2000 శాతం పెరిగిందన్నారు. డబ్బాల మీద ఈ అంకె ఇప్పటికీ మెరుస్తుంటుంది. కర్‌క్యుమిన్ ఒక్కటే ఇచ్చినప్పుడు రక్తంలో దాదాపు ఏమీ దొరకలేదన్నది మాత్రం డబ్బా మీద ఉండదు. దాదాపు సున్నాకు 20 రెట్లు. సరే, అది కూడా పక్కన పెడదాం. పైపెరీన్ ఆ పెంచే పని ఎలా చేస్తుంది? పేగు, లివర్ బయటి పదార్థాలను శుభ్రం చేసే యంత్రాలకు అడ్డం పడి. అవే యంత్రాల మీద నేను రోజూ వేసుకునే కొలెస్ట్రాల్ మాత్ర కూడా ఆధారపడుతుంది. షుగర్ పేషెంట్ ఒంట్లో ఎప్పుడూ నాలుగైదు మందులుంటాయి. 'శోషణ పెరిగింది' అని మీరు గర్వంగా రాసే చోట 'మిగతా మందులది కూడా పెరగొచ్చు' అని ఒక్క ముక్క రాయడానికి ఎంత చోటు పడుతుంది?

ఎలుకల గురించి ఎక్కువ రాయను. స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చి ఇన్సులిన్ కణాలను చంపేసిన ఎలుకకు వచ్చే షుగర్, నాకున్న టైప్ 2 ఒకటి కావు. దానికి కిలోకు 100 మిల్లీగ్రాములు పట్టిస్తే, ఎలుక మోతాదును మనిషికి మార్చే మామూలు సూత్రం ప్రకారం 70 కిలోల మనిషికి రోజుకు 1.1 గ్రాములవుతుంది. పసుపులో కర్‌క్యుమిన్ మూడు శాతం లెక్కన చూస్తే రోజూ 35 గ్రాములకు పైగా పసుపు పొడి. వార్తలో ఎలుక మాయమవుతుంది, పసుపు మిగులుతుంది.

మనుషుల మీద చేసే పరీక్ష ఎలా ఉంటుందో కూడా చూశాను. ఒక పరిశోధనకు వాలంటీర్‌గా వెళ్లాను. పరగడుపున, కాఫీ లేకుండా, చల్లటి గదిలో వెల్లకిలా పడుకోబెట్టారు. ముంజేతికి బీపీ పట్టీ లాంటిది బిగించి గాలి కొట్టి అయిదు నిమిషాలు రక్తం ఆపేశారు. మూడో నిమిషానికి వేళ్లు చల్లబడ్డాయి, నాలుగో నిమిషానికి చెయ్యి నాది కాదనిపించింది. పట్టీ వదిలేయగానే రక్తం ఒక్కసారిగా దూసుకొచ్చింది, అరచెయ్యి ఎర్రగా వెచ్చబడింది. ఆ ఉరవడికి ఎండోథీలియం నైట్రిక్ ఆక్సైడ్ వదలాలి, మోచేతికి పైనున్న ధమని విప్పారాలి. అల్ట్రాసౌండ్ పట్టుకున్న అమ్మాయి ఊపిరి బిగబట్టి తెర మీద రెండు గీతల మధ్య దూరం కొలిచింది. నాది 4.1 మిల్లీమీటర్ల నుంచి 4.2కు వెళ్లింది. రెండున్నర శాతం లోపే. ఆరోగ్యవంతులకు ఇంతకు రెండు మూడు రెట్లు ఉంటుందట. తెర మీద చూస్తే ఆ 0.1 మిల్లీమీటరు ఒక వెంట్రుక మందం. ప్రోబ్ పిసరంత వాలినా, నేను ముందురోజు రాత్రి సరిగ్గా నిద్రపోకపోయినా ఆ వెంట్రుక ఉండీ లేనట్టవుతుంది. ఇరవై మందితో ఈ పరీక్ష చేసి ఒక శాతం మెరుగు కనబడిందని రాసినప్పుడు, ఆ అమ్మాయి బిగబట్టిన ఊపిరి నాకు గుర్తొస్తుంది.

కొలిచే పద్ధతి జవాబునే తలకిందులు చేయగలదని మీ రంగానికి పుట్టుకతోనే తెలుసు. అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు బృహద్ధమని ముక్కల మీద ఎసిటైల్‌కొలీన్ అనే రసాయనం వేసేవారు. అవి బిగుసుకునేవి. ఒకసారి అవే ముక్కలు వదులయ్యాయి. చివరికి చూస్తే, ముక్కలు కోసేటప్పుడు లోపలి పొర రుద్దుకుపోయిందా, మిగిలిందా అన్నదే తేడా. పొర మిగిలితే వదులు, పోతే బిగువు. 1980లో ఆ చిన్న తేడాను దాచకుండా రాసినందుకే నైట్రిక్ ఆక్సైడ్ బయటపడింది, 1998లో నోబెల్ వచ్చింది. ఆ పెద్దాయన 'ఎసిటైల్‌కొలీన్ నాళాలకు మంచిది' అని రాసి ఊరుకుంటే ఈ ఉత్తరం రాసే అవసరమే ఉండేది కాదేమో, రంగమే ఉండేది కాదు కాబట్టి.

మొక్కల మీద నాకు నమ్మకం లేదనుకోకండి. పొద్దున్నే వేసుకునే మెట్‌ఫార్మిన్ గలేగా అనే మొక్కలోని పదార్థాన్ని చూసి పుట్టిందే. ఆ పదార్థం నేరుగా వాడితే విషం. దానికి దగ్గరి చుట్టమైన అణువును 1922లో తయారుచేసి, 1957లో ఫ్రెంచ్ డాక్టర్ జాన్ స్టెర్న్ షుగర్‌కు వాడి చూపించాక మందైంది.

దానికన్నా ఫ్లోరిజిన్ కథ మీకు దగ్గరగా తగులుతుంది. 1835లో ఆపిల్ చెట్టు వేరు బెరడు నుంచి తీశారు. చేదుగా ఉంది కాబట్టి జ్వరానికి పనికొస్తుందనుకున్నారు. 1886లో జర్మన్ డాక్టర్ వాన్ మెరింగ్ దాన్ని ఇచ్చి చూస్తే మూత్రంలో చక్కెర పోయింది. కిడ్నీ వెనక్కి లాక్కునే గ్లూకోజ్‌ను అది ఆపుతుందని తర్వాత తెలిసింది. మందుగా మాత్రం మారలేదు. నోటితో తీసుకుంటే పేగులోనే విరిగిపోతుంది. పాలలోని చక్కెరను అరిగించే ఎంజైమే దాన్ని విరగ్గొడుతుంది, ఆ ఎంజైమ్ పూర్తి పేరులోనే ఫ్లోరిజిన్ ఉంది. రసాయన శాస్త్రవేత్తలు ఏం చేశారు? 'ఆపిల్ బెరడు షుగర్‌ను తగ్గిస్తుంది' అని ఊరేగలేదు. ఎక్కడ విరుగుతోందో చూసి, చక్కెర భాగాన్ని ఆక్సిజన్‌తో కాకుండా నేరుగా కార్బన్‌తో కలిపారు. పేగు దాన్ని విరగ్గొట్టలేకపోయింది. అలా వచ్చినవే ఇప్పటి గ్లిఫ్లోజిన్ మాత్రలు. 2012లో డపాగ్లిఫ్లోజిన్‌కు యూరప్ అనుమతి ఇచ్చింది. 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్ మీద 7,020 మందితో చేసిన ట్రయల్‌లో గుండెజబ్బు మరణాలు 38 శాతం తగ్గాయి. బెరడు నుంచి మాత్రకు 177 ఏళ్లు. ఆ ఏళ్లన్నిటినీ మలుపు తిప్పింది, 'మింగితే రక్తంలోకి ఎంత చేరుతుంది' అన్న ప్రశ్నను ఎవరో సీరియస్‌గా తీసుకోవడమే.

రక్తనాళాల ఇన్‌ఫ్లమేషన్‌కు నేరుగా పనిచేసే మొక్క పదార్థం కూడా ఉంది. మీ పేపర్ల ముందుమాటల్లో దాని పేరు ఎందుకో తక్కువ కనబడుతుంది. కాల్చిసిన్. కాల్చికమ్ దుంపల్లోది, మనం అడవినాభి అనే మొక్క దుంపల్లోనూ ఉండే పచ్చి విషం. గౌట్ నొప్పులకు తరతరాలుగా వాడుతున్నారు. 2019లో గుండెపోటు వచ్చిన 4,745 మందిని తీసుకుని, సగంమందికి రోజుకు అర మిల్లీగ్రాము ఇచ్చి చూశారు. గుండె, మెదడు సమస్యలు డమ్మీ మాత్ర వేసుకున్నవాళ్లలో 7.1 శాతం మందికి వస్తే, కాల్చిసిన్ వేసుకున్నవాళ్లలో 5.5 శాతం మందికి వచ్చాయి. 2020లో 5,522 మందితో చేసిన ఇంకో ట్రయల్ కూడా ఇదే దారి చూపింది. 2023లో అమెరికా మందుల సంస్థ ఆ మోతాదును గుండెజబ్బులకు అనుమతించింది. మరుసటి ఏడాదే 7,062 మందితో చేసిన పెద్ద ట్రయల్‌లో లాభం కనబడలేదు. అది కూడా అంతే పెద్ద అక్షరాల్లో అచ్చయింది. నాకు నచ్చింది ఇదే. విషం అని తెలుసు, మోతాదు తెలుసు, ఏ యాంటీబయాటిక్‌తో కలిస్తే ప్రమాదమో తెలుసు, గెలిచినా ఓడినా లెక్క బయటికొచ్చింది. పైగా అది రక్తంలో నానోమోలార్ స్థాయిలోనే పనిచేస్తుంది. మీ రెస్వెరట్రాల్ పళ్లెంలో వందల, వేల రెట్లు ఎక్కువ పోస్తే తప్ప కదలదు.

యాంటీఆక్సిడెంట్ అన్న మాటతో మీరు వాక్యం మొదలుపెట్టినప్పుడల్లా నాకు విటమిన్ ఈ గుర్తొస్తుంది. పళ్లెంలో దానంత మంచిది లేదు. 2000లో వచ్చిన హోప్ ట్రయల్‌లో 9,541 మందిలో సగంమందికి నాలుగున్నరేళ్లు ఇస్తే గుండెజబ్బుల్లో ఏ తేడా లేదు. బీటా కెరోటిన్ సంగతి ఇంకా అన్యాయం, పొగతాగేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను పెంచింది. కోకోలోని ఫ్లేవనాల్స్ అనే పదార్థాలు కాస్త నయం. 21,442 మంది పెద్దవయసు వాళ్లతో చేసిన కాస్మోస్ ట్రయల్ 2022లో వెలువడింది. అసలు ప్రశ్న అయిన మొత్తం గుండెజబ్బుల దగ్గర తగ్గుదల గణాంకాలకు నిలవలేదు. రెండో వరుస ప్రశ్నల్లో గుండెజబ్బు మరణాలు 27 శాతం తగ్గినట్టు కనబడింది. వార్తల్లో ఏది శీర్షికైందో మీరే ఊహించండి. నేనైతే ఈ ఫలితాన్ని కొట్టిపారేయను, ఇంకోసారి చేసి చూడమంటాను.

నేను మిమ్మల్ని అడిగేది పెద్దదేమీ కాదు. పళ్లెంలో పోసిన గాఢత పక్కనే, మనిషి మింగితే రక్తంలో దొరికే గాఢత రాయండి. ఎక్కడో అనుబంధంలో కాదు, సంక్షిప్తంలోనే. క్వెర్సెటిన్ అనే మొక్క పదార్థం ఉంది కదా, నాళం దాకా చేరేది అది కాదు, దానికి గ్లూకురోనిక్ ఆమ్లం తగిలిన రూపం, అంటే గ్లూకురోనైడ్ అని తెలిసినప్పుడు, సీసాలో కొన్న స్వచ్ఛమైన క్వెర్సెటిన్ బదులు ఆ గ్లూకురోనైడ్‌నే కణాల మీద పోసి చూడండి. కొందరు చేస్తున్నారు, వాళ్లకు దండం. ఎలుకైతే ఎలుకని శీర్షికలోనే చెప్పండి. మీ యూనివర్సిటీ ప్రచార విభాగం ప్రెస్‌నోట్ రాసి మీకు చూపించినప్పుడు, 'డయాబెటిస్ రోగులకు శుభవార్త' అన్న ముక్క మీద మీరే గీత గీయండి. ఆ ఒక్క గీత విలువ నా లివర్‌కు తెలుసు. పని చేయనివి కూడా అచ్చు వేయండి, లేకపోతే మాకు కనిపించేది గెలిచిన కడ్డీల ఊరేగింపే.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. గ్రాంట్ రావాలంటే ఆశ చూపాలి. తక్కువ గాఢతలో ఏమీ కాలేదని రాస్తే జర్నల్ తిప్పి పంపుతుంది. మీ దగ్గర పీహెచ్‌డీ చేసే పిల్లలకు మూడేళ్లలో పేపర్ కావాలి. మనిషి ట్రయల్‌కు అయ్యే డబ్బుతో వంద పళ్లేల ప్రయోగాలు చేయొచ్చు, మొక్క పదార్థానికి పేటెంట్ దొరకదు కాబట్టి ఆ డబ్బు పెట్టేవాళ్లూ తక్కువ. ఇవన్నీ నిజమే. కానీ గుణకారం చేయడానికి గ్రాంట్ అక్కర్లేదు.

ఈమధ్య ఆ రెస్వెరట్రాల్ లెక్కను మా క్లాసులో స్లిప్ టెస్ట్‌కు ఇచ్చాను. 25 మిల్లీగ్రాములు మింగిన మనిషి రక్తంలో మిల్లీలీటరుకు 5 నానోగ్రాములు, అణుభారం 228, పళ్లెంలో 50 మైక్రోమోలార్, ఎన్ని రెట్లు? చాలామంది సరిగ్గానే చేశారు. వెనక బెంచీ అమ్మాయి ఒకతె జవాబు రాసి, పేపర్ ఇస్తూ అడిగింది: "సార్, ఆ ప్రయోగం చేసినవాళ్లు ఈ లెక్క చేసుకోలేదా?"

వాళ్లను అడిగి చెబుతానన్నాను.

ఇట్లు,
14 ఏళ్లుగా షుగర్‌తో ఉన్న ఒక కెమిస్ట్రీ లెక్చరర్